పికప్ ట్రక్ ఇంజిన్ ట్యూన్: 87, 91, 93లో మీకు ఏది సెట్ అవుతుంది?

ఫోన్‌లో కస్టమ్ రామ్ ఫ్లాష్ చేయడం మీకు తెలుసు కదా. పికప్ ట్రక్‌కి ఇంజిన్ ట్యూన్ వేయడం కూడా దాదాపు అలాంటిదే. కాకపోతే ఇక్కడ తేడా వస్తే పోయేది ఫోన్ కాదు, పిస్టన్. అమెరికాలో ఎక్కడ చూసినా కనిపించే ఫోర్డ్ ఎఫ్-150, 3.5 లీటర్ ఎకోబూస్ట్‌ని ఉదాహరణగా తీసుకుని ట్యూన్ ఎలా ఎంచుకోవాలో చూద్దాం.

ట్యూన్ అంటే ఏం మారుతుంది?

టర్బో ఎంత బూస్ట్ ఇవ్వాలి, స్పార్క్ ఎప్పుడు పడాలి, పెట్రోల్ ఎంత కలవాలి, గేర్ ఎప్పుడు మారాలి అనేవన్నీ ట్రక్ కంప్యూటర్లలో టేబుల్స్‌గా ఉంటాయి. ట్యూన్ ఆ అంకెల్ని మారుస్తుంది. 2017 మోడల్‌లో ఈ ఇంజిన్ స్టాక్‌గా 375 హార్స్‌పవర్ ఇస్తుంది. టర్బో కాబట్టి బూస్ట్ పెంచితే పవర్ బాగా పెరుగుతుంది. టర్బో లేని 5.0 వీ8లో అంత తేడా కనిపించదు.

స్టెప్ 1: మీకు దొరికే పెట్రోల్

ట్యూన్ పేరులోని 87, 91, 93 అనేవి ఆక్టేన్ నంబర్లు. ఆక్టేన్ తక్కువైతే స్పార్క్‌తో మొదలైన మంట చేరేలోపే మిగతా మిశ్రమం తనంతట తానే పేలుతుంది. దీన్నే నాక్ అంటారు. నాక్ సెన్సార్ స్పార్క్‌ని వెనక్కి జరిపి కొంతవరకు కాపాడుతుంది, కానీ 93 ట్యూన్ వేసి 87 పోస్తే దాని మీద భారం వేసినట్టే. టెక్సస్‌లో 93 మామూలుగా దొరుకుతుంది, కాలిఫోర్నియాలో ప్రీమియం అంటే 91.

ఇంకో విషయం: ఇండియాలో బంకు మీద 91 అంటే వేరే కొలత. అది అమెరికా 87కి దాదాపు సమానం. ఈ రెండు నంబర్లని కలిపేసుకోకండి.

స్టెప్ 2: మీరు చేసే పని

ట్రైలర్ లాగుతారా? అయితే టో ట్యూన్ తీసుకోండి. ఎక్కువసేపు లోడ్ మీద ఉన్నా వేడి అదుపులో ఉండేలా, గేర్లు ఊరికే మారకుండా దాన్ని రాస్తారు. మాగ్జిమమ్ పవర్ ట్యూన్‌తో ఘాట్ రోడ్డు మీద బరువు లాగడం మాత్రం వద్దు. ఆఫీస్‌కి వెళ్లిరావడమే అయితే 87 ట్యూన్ చాలు, రోజూ ప్రీమియం ఖర్చు ఉండదు.

స్టెప్ 3: రెడీమేడా, కస్టమా?

కాబ్ యాక్సెస్‌పోర్ట్ లాంటి చేతి పరికరంతో రెడీమేడ్ మ్యాప్ మీరే ఫ్లాష్ చేసుకోవచ్చు. ట్రక్‌లో పార్టులేవీ మార్చకపోతే ఇది సరిపోతుంది. ఇంటర్‌కూలర్ లాంటివి మార్చి ఉంటే కస్టమ్ ట్యూన్ మంచిది. అందులో మీరు డేటాలాగ్ పంపితే ట్యూనర్ చూసి సరిచేస్తాడు. ఏది వేసినా మొదటి ట్యాంకులోనే లాగ్ తీసి నాక్, బూస్ట్, గాలి-ఇంధన నిష్పత్తి చూడండి. లాగ్ అడగని కస్టమ్ ట్యూనర్ అంటే టెస్టింగ్ లేకుండా కోడ్ రిలీజ్ చేసినట్టే.

స్టెప్ 4: వారంటీ, చట్టం

1975 నాటి మాగ్నూసన్-మాస్ చట్టం ప్రకారం బయటి పార్ట్ వాడారని మొత్తం వారంటీ రద్దు చేయలేరు. కానీ ట్యూన్ వల్లే ఇంజిన్ పోయిందని తేలితే ఆ రిపేరు మీ జేబులోంచే. స్టాక్‌కి తిరిగి ఫ్లాష్ చేస్తే ఎవరికీ తెలీదులే అనుకోవద్దు, జాడలు మిగలొచ్చు. ఎమిషన్ పార్టులు పనిచేయకుండా చేసే డిలీట్ ట్యూన్లు క్లీన్ ఎయిర్ యాక్ట్ కింద చట్టవిరుద్ధం.

మొత్తానికి, ముందు పెట్రోల్, తర్వాత పని, ఆ తర్వాతే పవర్. వారంటీ ఇంకా ఉండి స్టాక్ పవర్ సరిపోతుంటే, ట్యూన్ వేయకపోవడం కూడా మంచి ఛాయిసే.