ఇంటి ముంగిట ఇంజను దింపుట

(రచన: బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి, మదీనాగూడ)

పాత కారు ఇంజను దింపడం మెకానిక్కుల పని అనీ, కాలేజీలో చదువుకునే మనకు దానితో నిమిత్తం లేదనీ కొందరు మిత్రులు అనుకోవచ్చు. కాని అందులో ఉన్నదంతా మనం చదివిన బలాలు, ఘర్షణ, గరిమనాభి, బాష్పీభవనమే. పరీక్షలో లెక్క తప్పితే మార్కులు పోతాయి. ఇక్కడ తప్పితే కాలో చెయ్యో పోతుంది.

మాది వ్యవసాయ కుటుంబం. మదీనాగూడలో నేడు అపార్టుమెంట్లు లేచిన చోట మా తాత నాగలి దున్నినాడు. పొలం పోయింది. ఆయన 1974 నాటి మార్క్-2 అంబాసిడర్ మాత్రం రేకుల షెడ్డులో మిగిలింది. కొంతకాలంగా సైలెన్సరు నుండి నీలిపొగ వస్తున్నది. అనగా పిస్టన్ రింగులు అరిగి, నూనె పైకెక్కి మండుతున్నదని అర్థం. "దీన్ని తీసిపారేసి డీజిల్ ఇంజను ఎక్కిద్దాం" అన్నాడొక మెకానిక్కు. తాత ఒప్పుకోలేదు. ఆయన పట్టుదలకు చట్టం కూడా తోడు వచ్చింది. 2021లో సవరించిన కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండిని వింటేజి వాహనంగా నమోదు చేసుకోవచ్చు. అయితే అట్లా నమోదైన బండిని రోజువారీ ప్రయాణాలకు తిప్పరాదు. కనుక ముందుగా ఇంజను నంబరును ఆర్.సి. పుస్తకంతో సరిచూసుకొని ఫోటో తీసి పెట్టుకోవాలి. ఇంజను మార్చదలిస్తే రవాణా కార్యాలయానికి తెలుపక తప్పదు.

ఇక బరువు సంగతి. ఇంజను నూట యాభై కిలోలని లెక్కకు తీసుకుందాం, అంటే రెండు వడ్ల బస్తాల బరువన్న మాట. మీటరు ఎత్తు నుండి జారితే 1470 జౌళ్ల శక్తితో నేలను తాకుతుంది. మధ్యలో పాదం ఉంటే ఏమవునో వేరే చెప్పనక్కర లేదు. బస్తానైతే నలుగురు పట్టి ఆపగలరు, ఇనుమును ఆపలేరు. జారుతున్న ఇంజనును పట్టుకోబోవద్దు, పక్కకు తప్పుకోవాలి.

దేనికి వేలాడదీయాలి? చాలామంది చూపేది వేపకొమ్మ. "పచ్చిగ కనబడ్తది గాని లోపల పురుగు తిన్నదో లేదో ఎట్ల తెలుస్తది బిడ్డా?" అన్నాడు నాయిన. స్లాబుకున్న కొక్కెం ఫ్యాను కోసం వేసినదే, దాని జోలికి పోరాదు. మాకు తోచిన మార్గం పొలంలో నేర్చినది. బోరు మోటారు కాలిపోయినప్పుడు మూడు ఇనుప గొట్టాల కాళ్లు నిలిపి, చెయిన్ పుల్లీ తగిలించి పైకి లాగుతాము గదా, అదే ఇక్కడా పనికి వచ్చింది. పుల్లీ మీద ముద్రించిన టన్నేజీ చూడాలి. కొక్కేనికి నాలుక ఉందో లేదో చూడాలి. మోట బావి గిరకకు, దీనికి ఒక్కటే ముఖ్యమైన భేదం: గిరక తాడు వదిలితే బొక్కెన పడిపోతుంది, చెయిన్ పుల్లీలో లోపలి బ్రేకు బరువును ఉన్నచోటనే నిలుపుతుంది.

మూడు కాళ్లకు ఒక దుర్గుణం ఉంది. బరువు పడగానే అవి బయటికి జారజూస్తాయి. మట్టి నేలలో కాళ్లు దిగబడి నిలుస్తాయి. నున్నని గ్రానైటు మీద ఘర్షణ చాలదు. కనుక మూడు పాదాలనూ గొలుసుతో ఒకదానికొకటి బిగించాలి.

ఇంజనుకు రెండు చోట్ల కట్టే గొలుసు విషయంలోనే ఎక్కువ మంది మోసపోతారు. రెండు పాయలూ నిట్టనిలువుగా ఉంటే ఒక్కొక్కదానిపై 75 కిలోల భారం. నిలువుకు 30 డిగ్రీలు వంగితే సుమారు 87. 60 డిగ్రీలు వంగితే ఒక్కొక్క పాయ మీద పూర్తిగా 150! బరువు పెరగలేదు, కోణం పెరిగింది. పొట్టి గొలుసు వేసి అడ్డంగా సాగదీయడం ఎందుకు ప్రమాదమో ఇందువల్ల తెలుస్తున్నది. కొబ్బరి తాడు అసలే వద్దు. కవరును పట్టి ఎత్తరాదు, హెడ్డుకో బ్లాకుకో ఉన్న గట్టి బోల్టులకే తగిలించాలి.

విప్పేటప్పుడు మొదట బ్యాటరీ. బాడీకి కలిపిన ఎర్తు తీగను ముందు తీయాలి. అది తీశాక రెండో తీగను విప్పుతూ పానా బాడీకి తగిలినా వలయం పూర్తి కాదు, నిప్పురవ్వ రాదు. కొన్ని పాత బ్రిటిష్ నమూనాల్లో పాజిటివే ఎర్తు, కనుక రంగు చూసి కాక తీగ ఎటు పోతున్నదో చూసి తీయాలి. తరువాత పెట్రోలు గొట్టం విప్పి మూతి బిగించాలి. పెట్రోలు సున్నాకు నలభై డిగ్రీల దిగువన కూడా మండగల ఆవిరినిస్తుంది. ఆ ఆవిరి గాలి కంటె బరువు, గుంతల్లో చేరి నిలుస్తుంది. అందుకే ఈ పని గోతిలోనో మూసిన గదిలోనో చేయరాదు, బీడీ కాల్చే పెద్దలను మర్యాదగా దూరంగా కూర్చోబెట్టాలి. రేడియేటరులో కూలెంటు పోసి ఉంటే అది తియ్యగా ఉండే విషం. గిన్నెలో పట్టి మూయకపోతే కుక్కలు, పశువులు తాగుతాయి. పాత గాస్కెట్లలోను, క్లచ్ పూతలోను ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. ఆ దుమ్మును గాలితో ఊదక తడిగుడ్డతో తుడవాలి.

బానెట్టు, రేడియేటరు, తీగలు, సైలెన్సరు గొట్టం తీయడం ఓపిక పని. ప్రతి తీగకూ చీటీ కట్టితే చాలు.

అసలు చిక్కు గేరుబాక్సు దగ్గర. దాన్ని బండిలోనే ఉంచదలిస్తే కింద జాకీ, దానిపై చెక్క పెట్టి ఆనించాలి. పుల్లీ గొలుసు కొద్దిగా బిగిశాకనే మౌంటింగు బోల్టులు తీయాలి. ఇంజనును ముందుకు తిన్నగా జరిపి, గేరుబాక్సు షాఫ్టు క్లచ్ నుండి పూర్తిగా బయటికి వచ్చాకనే పైకి ఎత్తాలి. తొందరపడితే బరువంతా ఆ షాఫ్టు మీద పడి ప్లేటు వంగుతుంది. బండి కింద దూరవలసి వస్తే ఇనుప స్టాండ్లే వాడాలి. ఇటుక చెప్పకుండా పగులుతుంది.

ఇంజను గాలిలోకి లేచాక దానిని కదపకూడదు. బండిని వెనక్కి నెట్టాలి. అంతవరకు చక్రాలకు పెట్టిన చెక్కలను అప్పుడే తీయాలి. బరువు పోగానే టార్షన్ బార్లు సడలి బండి మూతి పైకి లేస్తుంది, ఆ కుదుపుకు నెట్టేవాళ్లు బెదరకూడదు. వెంటనే ఇంజనును చెక్క చట్రంపైకి దించి, రెండు వైపులా ఆపు పెట్టాలి. ఒరిగే చోట సంపు ఒక్కటే ఆనితే రేకు సొట్టపోతుంది.

మా ఇంజను సిలిండరు వ్యాసం 73.025 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 88.9. నాలుగు సిలిండర్లకు గుణిస్తే 1489 ఘన సెంటీమీటర్లు సరిగ్గా వస్తుంది, లెక్కల మిత్రులు చేసి చూడవచ్చును. లేతు షాపులో అర మిల్లీమీటరు బోరు చేయాలంటున్నారు. అప్పుడది 1510 అవుతుంది. ఈ సంగతి చెబితే తాత, "గంటె పెద్ద బండే అయితదన్నట్టు" అని నవ్వినాడు.