గేరుబాక్సు దించే ముందు

ప్రశ్న: కారు కొని 14 నెలలైంది. శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే తొక్కినకొద్దీ ఇంజన్ మోగుతోంది గానీ బండి లాగడం లేదు. సర్వీస్ సెంటర్‌వాళ్లు ‘క్లచ్ ప్లేటు పోయింది, మీ డ్రైవింగే కారణం, వారంటీ రాదు’ అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: వాళ్లన్నది నిజమే కావచ్చు. క్లచ్ మీంచి కాలు తీయకుండా నడిపేవాళ్లు మనలో తక్కువేం కాదు. పైగా ప్లేటు అరిగే వస్తువని చాలా కంపెనీలు దాన్ని వారంటీలోంచి తప్పిస్తాయి. కానీ ఆ సంగతి తేలాల్సింది గేరుబాక్సు దించాక, కౌంటర్ దగ్గర కాదు. దించేటప్పుడు దగ్గరుండి ఫొటోలు తీసుకోండి. ప్లేటు రివెట్ల దాకా అరిగి, ప్రెజర్ ప్లేటు వేడికి నీలం తిరిగి ఉంటే మీ వాదనకు బలం తక్కువ. ప్లేటు ఆయిల్‌తో తడిసి ఉందా, కథ వేరు. ఆయిల్ సీల్ కారడం వల్లే క్లచ్ జారుతోందేమో చూడాలి. సీల్‌కు వారంటీ ఉంటే, దానివల్ల పాడైన ప్లేటునూ మార్చమని గట్టిగా అడగొచ్చు. పాత ప్లేటును అక్కడ వదిలేసి రాకండి.

అంతకంటే ముందు జాబ్ కార్డు చూసుకోండి. ‘జనరల్ చెకప్’ అని గీకేస్తే ఒప్పుకోవద్దు. ‘ఎక్కుడు మీద ఆర్‌పీఎం పెరుగుతోంది, వేగం పెరగడం లేదు’ అని మీ మాటల్లోనే రాయించి, అప్పుడు సంతకం పెట్టండి. వారంటీ ఎందుకు రాదో ఈమెయిల్‌లో చెప్పమనండి. ఈలోగా బయట మెకానిక్‌తో విప్పించారో, వాళ్లకు సాకు దొరుకుతుంది, మీ సాక్ష్యం చెదిరిపోతుంది.

అప్పటికీ దారికి రాకపోతే 1915 హెల్ప్‌లైన్, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. షోరూం ఎక్కడున్నా, 2019 చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. చెల్లించిన ధర 50 లక్షలు దాటకూడదు. 5 లక్షల్లోపైతే ఫీజు కూడా లేదు. వివాదం పుట్టిన నాటి నుంచి రెండేళ్లు గడువు. చూపుకు తేలని లోపమైతే సెక్షన్ 38 కింద పరీక్షకు పంపమని కోరండి. ఉత్త ఆరోపణతో కమిషన్ ముందు నిలబడటం కష్టం. ట్యాక్సీ అయినా, పొట్టకూటికి మీరే నడుపుకుంటుంటే మీరూ వినియోగదారులే.

ఇక కొత్త కారే ఇప్పించమని పట్టుబడతారేమో, ఆ ఆశ తగ్గించుకోండి. క్లచ్ ఫిర్యాదుతోనే వచ్చిన మారుతీ ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లో, వారంటీ చెప్పేది చెడిన భాగం మార్చడం గురించే గానీ బండి మొత్తం గురించి కాదంది. భాగం ఉచితంగా మార్చమనండి, టోయింగ్ ఖర్చు, బండి లేని రోజుల ఆటో, క్యాబ్ చార్జీలు కూడా కలిపి అడగండి. ఆ రసీదులు ఇవాళ్టి నుంచే దాచండి.