గుడ్డ చాలనప్పుడు

పఠన భాగములు: యోహాను 6:1–13, 35–40; యిర్మీయా 18:1–6; మార్కు 2:21

బొంత కుట్టుట తెలుగు ఇంటికి క్రొత్త కాదు. పాత చీరలను, పంచెలను పొరలుగా పరచి, వరుస కుట్లు వేసి, చలికి కప్పుకొనుటకును పసిబిడ్డల క్రింద పరచుటకును సిద్ధపరచుట పల్లెలలో తరతరములుగా నడచుచున్న పని. అమెరికా దేశములో ఇట్టి పనియే రంగుగుడ్డల ముక్కలను ఒక రూపము ప్రకారము అతుకు కళగా పెరిగినది. ఎక్కడ జరిగినను ఈ పనికి వచ్చు చిక్కు ఒక్కటే: రూపము మనస్సులో పూర్తిగా ఉండును, గుడ్డ మాత్రము నడుమనే అయిపోవును. ఆయుష్షో, ఆరోగ్యమో, ధనమో, తోడో చాలక, తాము తలపెట్టిన జీవితరూపము చెడినదని కుములు విశ్వాసులకు ఈ చిక్కు పరాయిది కాదు.

1. జీస్ బెండ్ స్త్రీలు

అలబామా రాష్ట్రములో అలబామా నది మూడు వైపుల చుట్టి పారు పల్లె జీస్ బెండ్. అక్కడి నల్లజాతివారిలో అనేకులు పత్తితోటలో బానిసలుగా పనిచేసినవారి సంతతి. బాప్తిస్టు సంఘము వారి జీవితమునకు కేంద్రము. 1932లో, వారికి అప్పు పెట్టిన వర్తకుడు మరణింపగా, బాకీ క్రింద వారి ధాన్యమును, పశువులను, పనిముట్లను ఊడ్చుకొనిపోయిరి. వోటు హక్కు కొరకు పోరాటము సాగుచున్న కాలములో, 1962లో, నది దాటించు పడవ నిలిచిపోయెను; అది మరల నడచుట 2006లోనే.

అట్టి ఊరిలో చలిగాలి దూరు ఇండ్లకు బొంతలు అవసరము. అంగడి గుడ్డ కొనుటకు డబ్బు లేదు. స్త్రీలు అరిగిన పొలము బట్టలను, పిండిసంచులను కత్తిరించి కుట్టిరి. వారికి ప్రియమైన ఒక రూపమునకు ‘ఇంటికప్పు’ అని పేరు. నడుమ ఒక చదరము పెట్టి, దాని చుట్టు పట్టీ వెంబడి పట్టీ చేర్చుచు పోవుదురు. ఒక రంగు పట్టీ మధ్యలో అయిపోయినచో వేరొక రంగు ముక్కను అతికి ముందుకు సాగుదురు. లోటు వచ్చిన చోటనే రూపము మలుపు తిరుగును.

1942లో మిస్సోరి పెట్వే అను స్త్రీ, చనిపోయిన తన భర్త పొలములో తొడిగిన బట్టలనే బొంతగా కుట్టెను. ఆయనను జ్ఞాపకము చేసికొనుటకును, ఆయన ప్రేమను కప్పుకొనుటకును ఆమె ఆ పని చేసెను. దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన వస్త్రములను పేతురుకు చూపుచు ఏడ్చిన సంగతి (అపొ. 9:39) ఇక్కడ స్ఫురింపక మానదు.

1966లో ఆ ప్రాంతపు స్త్రీలు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అను సహకార సంఘముగా ఏర్పడిరి. 1972లో సియర్స్ సంస్థ కొరకు కార్డురాయ్ గుడ్డతో దిండు గలీబులు కుట్టుచు, మిగిలిన పేలికలతో తమ ఇండ్లకు బొంతలు చేసికొనిరి. 2002లో హ్యూస్టన్, న్యూయార్క్ నగరముల చిత్రశాలలలో జీస్ బెండ్ బొంతలు ప్రదర్శింపబడెను. 2006లో అమెరికా తపాలాశాఖ వాటి బొమ్మలతో బిళ్ళలు వెలువరించెను.

2. చేతిపని నేర్పు నియమములు

మొదటిది, కత్తెర పట్టకముందు ఉన్నదానిని లెక్కించుట. 72 అంగుళముల వెడల్పు, 84 అంగుళముల పొడవు గల బొంతకు 12 అంగుళముల గళ్ళు 42 కావలెను. గుడ్డ చాలనప్పుడు అతుకుల గడి ప్రక్క సాదా గడిని ఉంచినచో అతుకుల గళ్ళు 21 చాలును. లేదా గళ్ళ నడుమ మూడంగుళముల సాదా పట్టీలు వేసినచో, 30 గళ్ళతోనే 72 అంగుళముల వెడల్పు, 87 అంగుళముల పొడవు వచ్చును.

రెండవది, తొందరపడి ముక్కలు చేయకుండుట. నాలుగంగుళముల చదరమునకు, ప్రతి ప్రక్క పావు అంగుళము కుట్టులో పోవును గనుక, నాలుగున్నర అంగుళముల ముక్క కావలెను. అనగా 20¼ చదరపు అంగుళముల గుడ్డ. అదే స్థలమును రెండంగుళముల చదరములు నాలుగింటితో నింపినచో 25 చదరపు అంగుళములు పట్టును. చిన్నవిగా నరికినకొలది గుడ్డ పెరుగదు, తరుగును. లోటు చూచి భయపడి తన సమయమును, శ్రద్ధను నూరు పనులకు చీల్చువాని గతియు ఇంతే.

మూడవది, వేరు గుడ్డను ఒక మూలకు నెట్టకుండుట. చివర ఒక్కచోట చేరిన క్రొత్త రంగు లోపముగా కనబడును. దానినే నాలుగైదు చోట్ల చల్లినచో అది రూపములో భాగమగును. రంగు సరిగా కలియకున్నను ముదురు చోట ముదురు, లేత చోట లేత ఉండిన చాలును.

3. లేఖనపు వెలుగులో

అయిదు వేలమంది తృప్తిపొందిన పిమ్మట, మిగిలిన ముక్కలలో ఏదియు నష్టపోకుండ పోగుచేయుడని ప్రభువు శిష్యులకు ఆజ్ఞాపించెను. అక్కడ వాడబడిన గ్రీకు క్రియ ‘అపొల్లుమి’. అదే అధ్యాయము 39వ వచనములో, తండ్రి తనకు అనుగ్రహించినవారిలో ఎవరిని పోగొట్టుకొనక అంత్యదినమున లేపుటయే తండ్రి చిత్తమని ప్రభువు చెప్పునప్పుడు, మరల అదే క్రియ వచ్చుచున్నది. రొట్టె ముక్కలను పోనీయని ప్రభువు మనుష్యులను పోనీయడు. గంపలు నింపుట పొదుపు పాఠము మాత్రమే కాదు. అది రక్షకుని హృదయమునకు సాదృశ్యము.

యిర్మీయా చూచిన కుమ్మరి చేతిలో పాత్ర చెడిపోయెను. హెబ్రీ మూలములో అతడు ‘తిరిగి, దానిని వేరొక పాత్రగా చేసెను’ అను భావము కలదు. మన్ను అదే, చేయి అదే, మారినది రూపము. జీవితపు మొదటి రూపము నెరవేరలేదు గనుక దేవుడు పని విడిచెనని తలంచు విశ్వాసికి ఇది గొప్ప ఓదార్పు.

4. రెండు హెచ్చరికలు

జీస్ బెండ్ స్త్రీల నేర్పును మెచ్చుకొనుచు, వారి లేమిని దేవుడే కోరెనని చెప్పరాదు. ధాన్యమును ఊడ్చుకొనిపోయినది, పడవను నిలిపినది మనుష్యుల చేయి. అన్యాయము వలన కలిగిన లోటును సహించుమని పేదకు బోధించి, దానిని కలిగించినవానికి ఏమియు బోధింపని సంఘము సువార్తను సగమే ప్రకటించుచున్నది. అక్కడి విశ్వాసులు బొంతలు కుట్టిరి, వోటు హక్కు కొరకు నడచిరి. ఒకటి రెండవదానికి అడ్డు రాలేదు.

అతుకు అన్నిచోట్ల తగదు. మార్కు 2:21లోని గ్రీకు మాట ‘అగ్నఫోస్’ ఇంకను చాకి పనికి రాని, నీట ముడుచుకొనని గుడ్డను సూచించును. అట్టిది పాతబట్టను చింపును. అందుకే బొంత కుట్టువారు క్రొత్త గుడ్డను ముందుగా తడిపి ఆరబెట్టుదురు. క్రీస్తు తెచ్చిన నూతన జీవము పాత భక్తికి వేయు మాసిక కాదు. రూపము మారవచ్చును, బొంత చలిని ఆపవలెను. సేవాపద్ధతి మారవచ్చును, ప్రేమ, సత్యము మారరాదు.

ధ్యానించుటకు ప్రశ్నలు

1. తలపెట్టిన రూపము చెడినదని ఒక విశ్వాసి దుఃఖించునప్పుడు, సంఘము అతనికి చూపదగిన మిగులు ఏది?
2. సంఘములో ఒక మూలకు నెట్టబడిన ‘వేరు రంగు’ వారు ఎవరు? వారికి అన్ని చోట్ల స్థానము కలుగుట ఎట్లు?
3. ఓర్పుతో భరింపవలసిన లోటు ఏది? న్యాయము కొరకు ఎదిరింపవలసిన లోటు ఏది? ఈ రెంటిని ఏ గురుతుల వలన వేరుచేయవచ్చును?

ప్రార్థనాంశము: చాలీచాలని ఆదాయముతో కుటుంబములను కప్పి కాపాడుచున్న తల్లుల కొరకును, భర్తను పోగొట్టుకొని తిరిగి జీవితమును అతుకుకొనుచున్న స్త్రీల కొరకును.