నక్షత్రాల ఉష్ణోగ్రత: పరీక్షలో అడిగేవి

నిజామాబాద్, బోధన్ ప్రాంతాల్లో చెరకు నరికే చలికాలంలో ఓరియన్ నక్షత్ర మండలం రాత్రంతా కనిపిస్తుంది. అందులో ఎర్రని ఆర్ద్ర (బెటెల్గూజ్) సుమారు 3,500 కెల్విన్. నీలి తెలుపు రైజెల్ సుమారు 12,000 కెల్విన్. ఎరుపు చల్లన, నీలం వేడి. అభ్యర్థులు తారుమారు చేసేది ఇక్కడే.

వీన్ నియమం (1893): గరిష్ఠ వికిరణ తరంగదైర్ఘ్యం ఉష్ణోగ్రతకు విలోమానుపాతం. స్థిరాంకం 2.898×10⁻³ మీటర్-కెల్విన్. సూర్యుడి ఉపరితలం 5,772 కెల్విన్, గరిష్ఠం సుమారు 500 నానోమీటర్ల దగ్గర. వీన్‌కు నోబెల్ 1911లో.

బి-వి వర్ణ సూచిక: నీలి, దృశ్య ఫిల్టర్లలో కొలిచిన ప్రకాశ పరిమాణాల తేడా. విలువ తగ్గేకొద్దీ నక్షత్రం వేడి. మధ్యలో ధూళి ఉంటే నక్షత్రం అసలుకంటే ఎర్రగా కనిపిస్తుంది. అప్పుడు వర్ణపట రేఖలే దిక్కు.

వర్ణపట తరగతులు, వేడి నుంచి చల్లనకు: ఓ, బి, ఏ, ఎఫ్, జి, కె, ఎం. సూర్యుడు జి2. ఈ వరుసకు భౌతిక ఆధారం మేఘనాద్ సాహా అయనీకరణ సమీకరణం (1920). దాన్ని వాడి 1925లో తరగతులను ఉష్ణోగ్రతలతో జోడించింది సిసీలియా పేన్. ఈ జంట తప్పక చదవాలి.

రాష్ట్ర కోణం: హైదరాబాద్ నిజామియా వేధశాల (1901), స్థాపకుడు నవాబ్ జాఫర్ జంగ్. ఉస్మానియా విశ్వవిద్యాలయపు జాపాల్-రంగాపూర్ వేధశాలలో 48 అంగుళాల టెలిస్కోపు. రెండింటినీ జతపరచే ప్రశ్నకు సిద్ధంగా ఉండండి.