వెండి పూత గొట్టం కొనాలా?

ప్రశ్న: మా నాన్నకు మూత్రం గొట్టం వేశారు. మూడు వారాలకే పూడుకుపోతోంది. ప్రతిసారీ చర్ల నుంచి భద్రాచలం తీసుకెళ్తున్నాం. వెండి పూత గొట్టం వేయిస్తే ఈ బాధ తప్పుతుందా? – ఒక పాఠకుడు, చర్ల

జవాబు: వెండి పూత కోసం అప్పు చేయకండి. బ్రిటన్‌లో 7 వేల మందికి పైగా రోగులపై జరిపిన పరీక్షల ఫలితాలు 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. కొద్ది రోజుల వాడకంలోనే వెండి పూత వల్ల చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు.

అసలు చిక్కు గొట్టం గోడ మీదే ఉంది. ముందు మూత్రంలోని ప్రొటీన్లు అంటుకుంటాయి, వాటిపై బ్యాక్టీరియా జిగురు పొర అల్లుతుంది. కొన్ని రకాల బ్యాక్టీరియా యూరియాను విడగొట్టడంతో మూత్రం క్షారంగా మారి స్ఫటికాలు పేరుకుంటాయి. ఈసారి తీసిన గొట్టం కొస చూడండి: రంధ్రం చుట్టూ సున్నం పెచ్చులా గరుకైన తెల్లటి పొర ఉంటుంది. అది కప్పేశాక కింద ఏ పూత ఉన్నా పెద్దగా పనిచేయదు.

పూర్తి సిలికాన్ గొట్టం వేయమని డాక్టరును అడగండి. రబ్బరు గొట్టం కన్నా దాని లోపలి దారి వెడల్పు, అందుకే పూడటం ఆలస్యమవుతుంది. మూత్రం సంచి నడుము కంటే కిందే ఉండాలి, నేలకు తగలకూడదు. గొట్టాన్ని, సంచిని ముట్టుకునే ముందు, తర్వాత సబ్బుతో చేతులు కడగండి. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల డాక్టరు వద్దనకపోతే నీళ్లు బాగా తాగించండి. ఎన్ని రోజులకు పూడుతోందో రాసిపెట్టండి. దాన్ని బట్టి ముందే మార్పించుకోవచ్చు.

మూత్రం ఆగి పొత్తికడుపు ఉబ్బినా, చలిజ్వరం వచ్చినా, రక్తం పడినా గొట్టాన్ని లాగొద్దు. తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకెళ్లండి.