పసుపు, వేప: మేలెంత? జాగ్రత్త ఎంత?

పసుపు మార్కెట్టుకు పేరుపొందిన దుగ్గిరాల మన తెనాలికి పక్కనే ఉంది. కాలికి దెబ్బ తగిలితే మన చెయ్యి ముందుగా పసుపు డబ్బా మీదికే పోతుంది. “పసుపు క్రిములను చంపుతుంది కదండీ?” అని ఓ.పి.లో చాలామంది మమ్మల్ని అడుగుతుంటారు. ఈసారి ఆ ప్రశ్నకే సమాధానం రాస్తున్నాం.

ఆ మాటలో కొంత నిజముంది. ప్రయోగశాలలో గాజు పళ్ళెంలో బ్యాక్టీరియాను పెంచి, ఆకు సారంలో తడిపిన చిన్న కాగితపు బిళ్ళను దానిపై ఉంచుతారు. బిళ్ళ చుట్టూ క్రిములు పెరగకపోతే ఆ సారానికి శక్తి ఉన్నట్లు. పసుపు, వేప, తులసి సారాలు ఇలా కొన్ని రకాల క్రిములను ఆపాయి.

అయితే పళ్ళెం వేరు, ఒళ్ళు వేరు. పసుపులోని కర్క్యుమిన్ మింగితే రక్తంలో కలిసేది చాలా తక్కువ. కలిసినదాన్ని కూడా శరీరం త్వరగా బయటికి పంపేస్తుంది. ఇక ఇంట్లో తీసిన పసరులో మందు ఎంతుందో కొలవలేం. అందులో మట్టి, క్రిములు కూడా ఉండవచ్చు.

“చెట్టు మందు హాని చేయదు” అనుకోవడం పొరపాటు. వేపనూనె తాగించిన పసిపిల్లలకు వాంతులు, మగత, మూర్ఛలు వచ్చి ప్రాణాపాయం కలిగిన సంగతిని మలేషియా వైద్యులు 1981లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. రక్తం పల్చబడే మాత్రలు వాడేవారు పసుపు క్యాప్సూళ్ళు మింగితే రక్తస్రావం ఎక్కువ కావచ్చు.

మొక్కలను మేము చిన్నచూపు చూడడం లేదు. చైనాలో తూ యూయూ బృందం 1972లో ఒక మొక్క నుండి మలేరియా మందు ఆర్టెమిసినిన్‌ను వేరుచేసింది. అందుకు ఆమెకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. శుద్ధిచేసి, పరీక్షించి, మోతాదు నిర్ణయించాకే అది మందు అయింది.

కాబట్టి ఇవి గుర్తుంచుకోండి:

1. గాయాన్ని శుభ్రమైన నీటితో, సబ్బుతో కడిగి శుభ్రమైన గుడ్డ కట్టండి. పసుపు, పసరు అద్దవద్దు. టి.టి. ఇంజెక్షను గురించి అడగండి.

2. షుగరు ఉన్నవారు కాలిపుండు చిన్నదైనా ఆ రోజే చూపించండి. వారం రోజులు పసరు కట్టి చూద్దామనుకుంటే కాలికే ముప్పు రావచ్చు.

3. పసిబిడ్డ బొడ్డును పొడిగా ఉంచండి. డాక్టరు చెప్పనిదే ఏమీ పూయవద్దు. వేపనూనె తాగించవద్దు.

4. నాటు మందు వాడుతుంటే దాచకుండా చెప్పండి. మేము కోప్పడము. మీకిచ్చే మందుతో అది పడుతుందో లేదో చూడాలి.

కూరలో వేసుకునే పసుపుకు భయపడనక్కరలేదు. పుండు మానకపోతే మాత్రం ఆలస్యం చేయకండి.