రాయి చెప్పు జవాబు

బేతంచెర్ల,
జ్యేష్ఠ బహుళ పంచమి.

చిరంజీవి అబ్బికి పెదనాయన అనేక దీవెనలతో వ్రాయునది.

మొన్న రాత్రి తొలకరి ఒక పదును కురిసినది. మీ జేజి పడసాలలో కూర్చుండి విత్తనపు బుడ్డలు ఒలుచుచు, నీ జాబు బిగ్గరగా చదువుమని నన్ను వేధించినది. రెండు పుటలు చదువగానే, "రాళ్ళు కొట్టే ఆటనా? మీ నాయన బతుకంతా చేసింది అదే గదరా" అని నవ్వి మరల బుడ్డలలో పడినది.

నీవు చేయుచున్న ఫోను ఆటలో తెరమీద ఒక బండ, వ్రేలితో తాకిన ప్రతిసారి ఒక సుత్తి దెబ్బ, దెబ్బకొక పెల్ల, పెల్లలమ్మిన సొమ్ముతో గునపములు, గునపములు చాలనప్పుడు కూలీలు, కూలీలు చాలనప్పుడు యంత్రములు, ఆపైన ఆడువాడు నిద్రించుచున్నను గని తనంత తాను నడచుట, ఇరువది రకముల లోహములు, అడుగున నాగలోకము, అంతటితోను తనివి తీరక చంద్రమండలము: ఇట్లు పన్నెండు పుటలు నింపి, కడపట "ఎట్లుంది పెదనాయనా? దాపరికం లేకుండా చెప్పు" అని అడిగితివి. ఆట సంగతి పిదప చెప్పెదను. ముందు ఆ ప్రశ్నయే నాకు నచ్చలేదు. "ఎట్లుంది?" అన్నవానికి మన సీమలో "బాగుందప్పా" అనుటయే మర్యాద. అది పెండ్లి పంక్తిలో పులుసును గూర్చి అడిగినవానికి దొరకు జవాబు వంటిది. పులుసుకు దానితో సంబంధము లేదు.

ఈ మర్యాదకు నేను చెల్లించిన మూల్యము నీకు తెలియదు. నాకు ముప్పది యేండ్లు నిండని దినములలో, బడిపంతులు జీతము చాలదని తోచి, ఊరికి దక్షిణమున మనకున్న రెండెకరముల చేనిలో నాపరాతి గని తెరవవలెనని సంకల్పించితిని. అది మొదలు కనబడిన ప్రతివానిని అడుగుచుంటిని: చుట్టములను, తోడి ఉపాధ్యాయులను, బస్సులో ప్రక్కన కూర్చున్నవారిని. అందరును భేషనిరి. ఒక ముసలి బండపనివాడు మాత్రము, నేను పిలువగా చేనికి వచ్చి, పైకి తేలియున్న రాతిమీద గునపపు మొనతో నాలుగు చోట్ల తట్టి, చెవియొగ్గి విని, ఏమియు పలుకక గునపము భుజమున వేసికొని వెడలిపోయెను. మంచి బండను తట్టిన కంచువలె మ్రోగును; లోన బీటవారినది పగిలిన కుండవలె చప్పగా పలుకును. ఆ చప్పదనము ఆ దినమున నా చెవినిగూడ పడినది, అబద్ధమాడను. కాని అంతమంది అన్న భేషు దానిని కప్పివేసినది. నాలుగు మూరల మట్టి తీయించిన పిమ్మట చూడగా పొరపొరయు బీటలే. చదరముగా ఒక్క బండ లేవలేదు. ఒకటిన్నర సంవత్సరముల జీతము ఆ గుంతలో పోసితిని. వానకాలమున నేటికిని అందులో ఎనుములు సుఖముగా పడుకొనును.

కావున ఆ పన్నెండు పుటలను ఇక నెవ్వరికిని చూపవద్దు. ఒక్క బండ, ఒక్క సుత్తి, మూడు పనిముట్లు, ఒక కూలి: ఇంతమాత్రము ఒక వారములో చేసి, దానిని జనుల చేతికిమ్ము. చంద్రమండలమును ప్రస్తుతమునకు చంద్రునికే వదలుము. మీ తరగతివారు చెప్పుకొను 'కుకీ క్లిక్కర్' అను ఆటను 2013లో ఓర్టే అను మారుపేరుగల ఫ్రెంచి యువకుడు మొదట ఒక్క రాత్రిలో వ్రాసి లోకము మీదికి వదలినాడట; తక్కిన సౌధమంతయు, ఆడువారి చేతులు చూచిన పిమ్మట లేచినదే.

చేతులను చూచుటలో మన కర్నూలు సీమకు పూర్వమొక విద్య యుండెడిది. పదునేడవ శతాబ్దమున ఈ దేశమున తిరిగిన టావెర్నియర్ అను ఫ్రెంచి రత్నవర్తకుడు, 1676లో అచ్చయిన తన యాత్రా గ్రంథమున రావుల్కొండ అను వజ్రపు గనిని వర్ణించినాడు. అది మన రామళ్ళకోటయే యని తలచిన పండితులు కలరు. కాదు, రాయచూరు వైపుదని వాదించువారును కలరు. నేను రామళ్ళకోట పక్షమే, స్వస్థలాభిమానమనుకొనుము. అచ్చట పది మొదలు పదునారేండ్ల వరకు ఈడుగల వర్తకుల బిడ్డలు ప్రతి ఉదయము ఊరి నడిమి చెట్టు క్రింద, తూనిక రాళ్ళ సంచియు నాణెముల సంచియు పెట్టుకొని కూర్చుండెడివారట. ఎవడైన రాయి తెచ్చినచో వారిలో పెద్దవాని చేతికిచ్చును. అతడు చూచి ప్రక్కవానికి, వాడు ఆ ప్రక్కవానికి అందించును. రాయి వరుసయంతయు తిరిగి మరల పెద్దవానిని చేరువరకు ఒక్కడును నోరు విప్పడు. తరువాతనే బేరము. పెద్దవాడు ఎక్కువకు కొన్నయెడల నష్టము అతని సంచిదే.

ఆ నిశ్శబ్దమును నేను పదేపదే తలచుకొందును. మొదటివాని మాట రెండవవాని కంటిని చెరుపకుండుటకే ఆ యేర్పాటని నా ఊహ. నీవో, హాస్టలు గదిలో ఎనిమిదిమందిని ఒక్కసారి కూర్చుండబెట్టి, నీవే ఆడి చూపించి, "ఎట్లుందిరా?" అంటివట, ముందు అరచినవాడు "సూపర్" అనగా తక్కిన ఏడుగురును సూపరనిరి. అది ఎనిమిది అభిప్రాయములు కాదు, ఒకటే. ఒక్కొక్కని వేరువేరుగా పిలువుము. ఫోను చేతికిచ్చి ప్రక్కన కూర్చుండుము. "అక్కడ నొక్కు" అనుటకు నాలుక దురదపెట్టును. పండ్ల నడుమ అదిమి పట్టుము. మొదటి దెబ్బకు వాని కన్ను ఎటుపోయినది, ఎన్నవ నిమిషమున బొటనవ్రేలు మందగించినది, కూలిని పెట్టుకొనుటకు సొమ్మున్నను పెట్టుకొనక వట్టి దెబ్బలే కొట్టుచున్నాడా, అన్నవి ఒక కాగితముపై వ్రాసికొనుము. మరునాడు నీవు గుర్తుచేయకుండ తానై తెరచినాడా లేదా యన్నది అన్నింటికంటె పెద్ద సాక్ష్యము. వాడు నోటితో ఏమి చెప్పినను విని తల యూపుము. "నాగలోకం పెట్టు, తుపాకీ పెట్టు" అని వైద్యము చెప్పినచో, ఆ మందును ప్రక్కన పెట్టి, ఏ క్షణమున వానికి విసుగు పుట్టినందున ఆ మందు తోచినదో దానిని పట్టుకొనుము.

నోటికిని చేతికిని గల దూరమునకు ఒక విచిత్రమైన ఉదాహరణము చెప్పెదను. అమెరికాలో ఇయాన్ బొగోస్ట్ అను ఆచార్యుడు 2010లో ఫేస్‌బుక్ ఆటలను ఎగతాళి చేయుటకై, ఆరు గంటలకొకసారి ఆవు బొమ్మను నొక్కుట తప్ప దాదాపు మరేమియు లేని ఆట నొకటి చేసినాడు. జనులు నవ్వి వదలివేయుదురనుకొన్నాడు. వారు నిష్ఠతో ఆవును నొక్కుచు కూర్చుండిరి.

ఇక నీ లెక్కలు. కొన్నప్పుడెల్ల గునపము ధర రెట్టింపగునని వ్రాసితివి. పది రూపాయల గునపము అట్లు పదిసార్లు కొన్న పిమ్మట 10,240 రూపాయలగును. ఆడువాడు అచ్చటనే నడుము విరిగి కూలబడును. ఆ కుకీ క్లిక్కర్ ఆటలో కొన్న ప్రతిసారి ధర నూటికి 15 వంతున పెరుగును. ఆ లెక్కన అదే గునపము పదిసార్లకు నలువది రూపాయలే, ఏబదిసార్లకు గాని పదివేల యెనిమిది వందలు దాటదు. నేను తెలుగు పంతులనే. కాని చక్రవడ్డీ తెలియని సేద్యగాని బిడ్డ సీమలో ఎవడున్నాడు?

"అరుదుగా వజ్రము పడును" అని ఒక పంక్తిలో వ్రాసి దాటిపోయితివి. నీ ఆటలో మిక్కిలి బలమైనదియు, మిక్కిలి భయంకరమైనదియు అదియే. ఈ మాసమున జొన్నగిరికో తుగ్గలికో పోయి చూడుము. వాన వెలిసిన ఉదయమున, ఎర్రమట్టి కొట్టుకొనిపోయి గులకరాళ్ళు తేలిన చేలలో, వందలమంది నడుము వంచి, ఏటవాలు ఎండలో ఒక్క మెరుపు కొరకు అడుగడుగు వెదకుచుందురు. బళ్ళారినుండి వచ్చినవారుందురు, చెట్లక్రింద వండుకొనువారుందురు. ఎవరికో దొరికినదను వార్త తక్కినవారిని మరల మరుసటి తొలకరికి రప్పించును. ఆ ఆశ వానతో వచ్చును, విత్తు పదునుతో పోవును. సేద్యగాండ్రు దుక్కికి దిగగానే వేట ముగియవలసినదే. నీ ఫోనులోని చేనికి ఏ ఋతువును లేదు. పందెపు సొమ్ముతో ఆడు ఆన్‌లైన్ ఆటలను 2025లో పార్లమెంటు చట్టముచేసి నిషేధించినది. నీ ఆట ఆ కోవలోనిది కాదని నేనెరుగుదును; అయినను పసివాని ఆశకు వెల కట్టి "ఇంకొక్క దెబ్బకు ఇరువది రూపాయలు" అని అమ్మవలదు. అట్లు అమ్మినచో నాకు చూపవలదు.

లోహముల పట్టికలో, ఏ లోకమునను లేని పేర్లు పదునాలుగు లెక్కించితిని. ఎందుకు నాయనా, ఇంత దూరము? మంగంపేట ముగ్గురాయిని ఒక్కసారి చేతికెత్తి చూడుము. చూపునకు సున్నపురాయివలెనే యుండును. ఎత్తబోవగా మణికట్టు క్రిందికి లాగును. సరిసమానమైన నాపరాతికంటె ఒకటిన్నర రెట్లకు మించిన బరువు. ఆ బరువు కొరకే దానిని పొడిచేసి, చమురు బావులు త్రవ్వుచోట లోపలి వాయువు ఎగదన్నకుండ బురదలో కలిపి పోయుదురు. ఒకే తీరుగ కనబడు రెండు రాళ్ళు, ఎత్తిన కూలి నడక మందగించినప్పుడే భేదము తెలియుట: ఇది ఆటకు పనికిరాదా? పులివెందుల వైపు పూర్వము రాతినార త్రవ్వెడివారు. దాని ధూళి ఊపిరితిత్తులకు చేయు కీడు ఇప్పుడు లోకమంతయు ఎరిగినది. నీ కూలీలు నిద్ర లేక, దగ్గు లేక, ముసలితనము లేక రాత్రింబవళ్ళు త్రవ్వుదురని వ్రాసితివి. ఆటయే, కాదనను. అయినను మీ జేజి ఆ పుట విన్నప్పుడు బుడ్డలు ఒలుచుట ఆపి, "కూలి ఎంత ఇస్తాడంట?" అని అడిగినది. నీకు ఇంతవరకు దొరికిన అభిప్రాయములలో మొదటి అసలైనది అదియని నా నమ్మకము.

అమావాస్యకు రమ్ము. ఆ లోపల ఒక బండయు ఒక సుత్తియు సిద్ధము చేయుము. దెబ్బ చప్పుడు మాత్రము ఎచటనో కొనుక్కొని రావలదు, వీధి చివరి పాలిషు ఫ్యాక్టరీ వెనుక పనివాండ్రు ఉలి పట్టుకొను వేళ నిలబడి ఫోనులో పట్టుకొందువుగాని. మంచి బండ, బీట బండ, రెండింటి చప్పుడును వేరుగా పట్టుము. ముందుగా మీ జేజి చేతికిత్తము. నీవు వేపచెట్టు క్రింద, ఆమె వ్రేళ్ళు కనబడునంత దూరమున కూర్చుండవలెను; నేను నీ నోటికి కాపలా యుందును. ఛార్జరు మరువకుము, ఇచ్చట మధ్యాహ్నము కరెంటు ఉండుట లేదు.

ఇట్లు,
నీ పెదనాయన.